ధర కాదండీ, కన్నాలు లెక్కపెట్టండి!

కంప్యూటర్ సామాన్లమ్మే దుకాణంలోకి ఆడవాళ్ళు అడుగుపెట్టి "గ్రాఫిక్స్ కార్డ్ కావాలి" అనగానే, కౌంటర్ వెనక కుర్రాడు వేసే మొదటి ప్రశ్న ఏవిటో తెలుసా? "బాబుకా మేడమ్?"

బంగారం కొట్టులో ఈ ప్రశ్న వెయ్యరు. చీరల కొట్టులో అసలే వెయ్యరు. మిక్సీ కొనబోతే, ఇంట్లో ఎంతమంది, ఇడ్లీ పిండి రుబ్బుతారా, పచ్చళ్ళు మాత్రమేనా అని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. మిక్సీలవాడికి మన పనేవిటో తెలుసుకోవాలని ఉంది. కంప్యూటర్లవాడికి మనకి పనుంటుందన్న అనుమానమే రాదు. ఇంట్లో ఓ బాబు ఉండాలి, ఆ బాబు ఆటలాడుతూ ఉండాలి, తల్లి పర్సు పట్టుకుని వచ్చి ఉండాలి. అంతే!

"నాకే నాయనా" అన్నారనుకోండి, రెండో ప్రశ్న తయారు: "ఏం గేమ్స్ ఆడతారు మేడమ్?" ఆటలు కాదు బాబూ, పని, రాసుకునే పని, లెక్కల పని, మూడు మానిటర్లు పెట్టుకోవాలి అన్నారనుకోండి, వాడి ముఖంలో వెలుగు ఠక్కున ఆరిపోతుంది. "టైపింగేగా? ఏదైనా సరిపోతుంది లెండి" అంటాడు.

ఈ రెండు మాటల మధ్యే మన డబ్బు ఆవిరైపోతోంది. ఆటలంటే ఏనుగుని అంటగడతారు. టైపింగ్ అంటే పిల్లికూనని అంటగడతారు. ఇంటికి కావలసింది పాలిచ్చే ఆవు. అది ఆ కొట్లోనే వెనక అలమరలో ఉంటుంది. అడిగేదాకా బయటికి తియ్యరు.

"మూడు మానిటర్లా! ఎందుకమ్మా అంత ఆర్భాటం?" అనేవాళ్ళు ఇంట్లోనే ఉంటారు. వాళ్ళకో మాట చెప్పాలి. మీ వంటింట్లో పొయ్యికి ఒకటే బర్నర్ ఉంటే ఎలా ఉంటుంది? పప్పు దింపి కూర పెట్టి, కూర దింపి చారు పెట్టి, చారు దింపి మళ్ళీ పప్పు... వంట అవుతుంది, కాకపోదు. వండే మనిషి ప్రాణం పోతుంది. ఒకే తెర మీద పనిచెయ్యడం అచ్చంగా అదే. అనువాదం చేసే ఆవిడకి మూలం ఒక తెర, తెలుగు ఒక తెర, నిఘంటువు ఒక తెర కావాలి. ఇంట్లో కూర్చుని నాలుగు కొట్లకి జీఎస్టీ లెక్కలు చూసే ఆవిడకి బిల్లులు ఒక పక్క, పద్దు ఒక పక్క, ప్రభుత్వం వారి పేజీ ఒక పక్క ఉండాలి. ఆన్‌లైన్‌లో పాఠం చెప్పే టీచరమ్మకి పిల్లల ముఖాలు ఒకచోట, పాఠం ఒకచోట. పుస్తకాలకి పేజీలు కట్టే డీటీపీ అమ్మాయిలని చూడండి. ఒక తెరని నిలువుగా తిప్పుకుని పేజీ మొత్తం కనపడేలా పెట్టుకుంటారు. ఇదంతా ఆర్భాటమా? మూడు బర్నర్ల పొయ్యిని ఎవరూ ఆర్భాటం అనరు. ఎంచేతంటే దాని మీద వండింది అందరూ తింటారు కాబట్టి!

పోనీ మూడు తెరలు ఉన్నాయే అనుకుందాం. అవి మరీ సన్నని చుక్కలతో, 4కె అంటారే, అలాంటివే కావాలా? ఇంగ్లీషు రాసుకునేవాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు. తెలుగు రాసేవాళ్ళకి మాత్రం కావాలనే నేనంటాను. మన అక్షరం ఒంటరిగా ఉండదు. నెత్తిన గుడి, కాళ్ళ దగ్గర ఒత్తు, ఆ ఒత్తుకి పక్కన ఇంకో ఒత్తు. "రాష్ట్రం", "స్వాతంత్ర్యం" అన్న మాటలు చిన్న అక్షరాల్లో మామూలు తెర మీద చూడండి, చీమలగుంపు నడుస్తున్నట్టుంటుంది. ద-కీ ధ-కీ తేడా కింద ఓ చిన్న గీత. ధ-కీ థ-కీ తేడా పొట్టలో ఓ చుక్క. ఆ చుక్క తెర మీద అలుక్కుపోయిందంటే "అర్థం" కాస్తా "అర్ధం" అయి కూర్చుంటుంది. నలభై దాటిన కళ్ళకి ఆ చుక్క కనపడకపోతే అది కళ్ళ తప్పే అని ఎవరన్నారు? 24 అంగుళాల మామూలు మానిటర్లో అంగుళానికి 92 చుక్కలు. 27 అంగుళాల 4కె మానిటర్లో అంగుళానికి 163. ప్రూఫులు దిద్దేవాళ్ళకి కళ్ళజోడు నంబరుకన్నా ముందు మార్చాల్సింది ఇదే.

ఇక కార్డు సంగతికొద్దాం. కార్డు చేసే పనులు రెండు. వాటిని కలిపేసి చెప్పడం వల్లే వ్యాపారం సాగుతోంది. వండటం వేరు, వడ్డించటం వేరు. ఆటలో ప్రతి క్షణానికీ కొత్త బొమ్మ పుట్టాలి. చెట్టు కదలాలి, నీడ కదలాలి, నీళ్ళలో ఆ నీడ మెరవాలి. సెకనుకి అరవైసార్లు, నూటఇరవైసార్లు బొమ్మని మొదటినుంచీ వండాలి. దానికి మహా వంటవాడు కావాలి, సందేహం లేదు. మన పేజీ అలా కాదు. ఒకసారి వండితే అలాగే ఉంటుంది. మనం ఒక అక్షరం కొడితే ఆ అక్షరం మేరకు మారుతుంది. మన కార్డుకి ఉన్న పనల్లా, తయారైన ఆ బొమ్మని మూడు తెరలకీ తడబడకుండా అందించడం. వడ్డనే! వడ్డించేవాడికి కావలసింది గొప్ప చెయ్యి కాదు, ఎక్కువ చేతులు. కార్డు వెనకాల కనపడే ఆ కన్నాలే, పోర్టులంటారు చూడండి, అవే దాని చేతులు.

ఈ మాట గాలిలో అనటంలేదు, లెక్క చూడండి. 4కె తెర అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. గుణిస్తే 82,94,400. అంటే పాత ఫుల్ హెచ్‌డీ తెరకి సరిగ్గా నాలుగింతలు. మూడు తెరలకి 2,48,83,200 చుక్కలు. వినడానికి భయంగానే ఉంది. కానీ చుక్కకి నాలుగు బైట్ల చొప్పున ఆ మూడు తెరల బొమ్మనీ దాచుకోవడానికి పట్టే జాగా సుమారు 100 మెగాబైట్లు. ఈ రోజుల్లో చిన్న కార్డులో కూడా 4 జీబీ ఉంటుంది. అంటే దానికి నలభై రెట్లు! తెరిచి పెట్టుకునే కిటికీలూ, బ్రౌజర్ పేజీలూ తమ వంతు జాగా తీసుకుంటాయి, నిజమే. 2 జీబీ అయితే ఇరుకు. 4 జీబీ అయితే కాళ్ళు చాపుకోవచ్చు. "మూడు 4కె లా? అమ్మో, పదహారు జీబీ కన్నా తక్కువైతే కష్టం మేడమ్" అనేవాడిని ఈ గుణకారం చేసి చూపించమనండి. చెయ్యడు.

ఇప్పుడు అసలు సంగతి. ఎన్విడియా వారు 2025 జనవరిలో బయటపెట్టిన ఆర్‌టీఎక్స్ 5090 అనే కార్డుంది. ఏనుగుల్లో ఐరావతం. మన దేశంలో రెండు లక్షలు పైమాటే. పూర్తిగా పనిచేస్తున్నప్పుడు 575 వాట్లు లాగుతుంది. మన మిక్సీకి తమ్ముడన్నమాట. దానికోసం 1000 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ పెట్టమంటారు. ఇంతా చేసి అది ఎన్ని మానిటర్లని నడుపుతుంది? నాలుగు. అదే కంపెనీ వారిది, ఆఫీసు పనులకోసం చేసినది, టి1000 అని అరచేతి వెడల్పు చిన్న కార్డు. 50 వాట్లు, సీలింగ్ ఫ్యాన్ కన్నా తక్కువ. మదర్‌బోర్డ్ తన గాడిలోంచే 75 వాట్లదాకా ఇవ్వగలదు కాబట్టి దీనికి విడిగా కరెంటు తీగ కూడా అక్కర్లేదు. అది ఎన్ని మానిటర్లని నడుపుతుంది? నాలుగే! నాలుగూ 4కె అయినా సరే, సెకనుకి అరవైసార్ల చొప్పున నిక్షేపంగా నడుపుతుంది. 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ ఏ400 అన్నదానిదీ అదే తంతు. నాలుగు కన్నాలు, 50 వాట్లు. వంటలో వీటికీ 5090కీ పోలికే లేదు, ఒప్పుకుంటాను. కానీ మనం పిలిచింది వడ్డనకి కదా!

పిల్లికూనల సంగతీ చెప్పాలి. "ఏదైనా సరిపోతుంది" అన్నవాడి మాట నమ్మితే ఏమవుతుందో చూడండి. ఏఎండీ వారిది ఆర్‌ఎక్స్ 6400 అని 2022లో వచ్చింది. చిన్న పెట్టెలో పట్టే బుద్ధిమంతురాలు. దానికి రెండే కన్నాలు. మూడో మానిటర్ తెచ్చుకున్నవాళ్ళు దాన్ని చూస్తూ కూర్చోవాల్సిందే. దీనికన్నా తక్కువ ధరకి మూడు తెరలు నడిపేవి ఉన్నాయి. ఆ మాటకొస్తే ధరకీ తెరల లెక్కకీ సంబంధమే లేదనడానికి ల్యాప్‌టాప్‌లు మరీ మంచి సాక్ష్యం. 2020లో, 2022లో యాపిల్ వారు ఎం1, ఎం2 లతో తెచ్చిన మాక్‌బుక్ ఎయిర్ ఉంది చూశారూ, అంత ఖరీదు పెట్టి కొంటే, బయట తగిలించుకునే మానిటర్ మామూలుగా ఒక్కటే. 2024లో రెండు తగిలించుకోనిచ్చారు, అదీ మూత మూస్తేనే. మూత తెరిచి ఉంచి రెండు పెట్టుకునే భాగ్యం ఎయిర్‌కి 2025లో వచ్చింది. కొనేటప్పుడు బరువు చూశారు, రంగు చూశారు. ఎన్ని తెరలని ఎంతమంది అడిగారు?

అసలు కార్డే అక్కర్లేని సందర్భం కూడా ఉంది. దాని గురించి ఏ కొట్లోనూ నోరెత్తరు. ఎత్తితే బేరం పోతుంది కదా! చాలా ప్రాసెసర్లలో చిత్రాల విభాగం లోపలే ఉంటుంది. ఇంటెల్ ఐ5-12400 అయితే దాని లోపలి విభాగమే నాలుగు తెరలని నడపగలదు. మదర్‌బోర్డ్ మీద కన్నాలు రెండో మూడో ఉంటాయి, అంతవరకే ఇబ్బంది. కాబట్టి రెండు మానిటర్లు చాలనుకునేవాళ్ళు ముందు తమ సీపీయూ వెనక్కి వెళ్ళి, బూజు దులిపి, ఎన్ని కన్నాలున్నాయో చూసుకోండి. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అనే అక్షరం ఉంటే మాత్రం ఆశ వదులుకోండి. అందులో ఆ విభాగం లేనట్టే, కార్డు కొనక తప్పదు.

మా వీధిలో ఒక పిన్నిగారున్నారు. రిటైరయ్యాక ఇంట్లోనే ముగ్గురు నలుగురికి లెక్కలు రాసిపెడుతూ ఉంటారు. ఆవిడకి కొత్త కంప్యూటర్ వచ్చిందంటే చూడబోయాను. పెట్టె లోపల ఎర్రదీపాలు, నీలం దీపాలు, పెళ్ళి పందిరిలా ఉంది. మూడు ఫ్యాన్ల కార్డట. మానిటర్ మాత్రం పాతదే, పంతొమ్మిది అంగుళాలది, ఒక్కటే.

"ఇదేవిటి పిన్నిగారూ, డబ్బంతా లోపలే పెట్టేశారు?" అన్నాను.

"నాకేం తెలుసమ్మా, నా జీఎస్టీ పనికి ఇది ఉండాలిట. వాడే చూసి తెచ్చాడు" అన్నారావిడ ఎంతో మురిపెంగా. రాత్రి పదిగంటల తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో నేను అడగలేదు. అడగక్కర్లేదు కూడా. ఆట తాలూకు చెవిగొట్టాలు ఆ కుర్చీ చేతికే వేలాడుతున్నాయి.

ఆడుకోవడం తప్పని నేననను సుమండీ. పిల్లలు ఆడుకోవాలి. అమ్మలు కూడా ఆడుకోవచ్చు, ఎవరు వద్దన్నారు? కానీ ఖర్చు రాసుకునే పుస్తకంలో "ఆట" అని రాయండి. "అమ్మ పని" అని రాయకండి. అలా రాశాక అమ్మకి నిజంగా కావలసిన రెండో తెర ఇంకో మూడేళ్ళు రాదు. "మొన్ననేగా నీకు అంత పెట్టి కొన్నాం" అంటారు. ఈ మాటకి జవాబు చెప్పలేక ఎంతమంది ఆడవాళ్ళు ఒంటి బర్నర్ మీద వండుకుంటున్నారో!

"రేపటికి పనికొస్తుంది కదండీ, కాస్త పెద్దదే తీసుకుంటే పోలా?" అని ఇంకో వాదం. పిల్లవాడు పెరుగుతాడని రెండు సైజులు పెద్ద చొక్కా కొనడం మనకి తెలిసిన సంగతే. పిల్లవాడు పెరుగుతాడు. మన పేజీ పెరగదు. పదేళ్ళ తర్వాత కూడా పేజీకి అవే పాతిక ముప్ఫై పంక్తులు. కాలం గడిచేకొద్దీ పాతబడేది కార్డు బలం కాదు, కన్నం రకం. 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4 కన్నంలోంచి కూడా 4కె బొమ్మ వస్తుంది, సెకనుకి ముప్ఫైసార్లే వస్తుంది. మౌస్ కదిపితే బాణం గుర్తు కుంటుకుంటూ వస్తుంది. పదినిమిషాలకి తలనొప్పి. అదే 2013 నాటి హెచ్‌డీఎంఐ 2.0 అయితే అరవైసార్లు. డిస్‌ప్లే పోర్ట్ అయితే 1.2 నుంచీ అరవై వస్తుంది, ఇప్పుడు 1.4 సులువుగా దొరుకుతుంది. రేపటి కోసం దాచిపెట్టే డబ్బేదో ఈ అంకెల మీద పెట్టండి.

నాకు మరీ వింతగా ఉండేదేవిటంటే, ఒకటికి మించి తెరలు పెట్టుకోవడమన్నది ఆటల కోసం పుట్టిందే కాదు. 1981లో ఐబీఎం వారి మొదటి పీసీలోనే ఒంటిరంగు కార్డొకటి, రంగుల కార్డొకటి రెండూ పక్కపక్కన పెట్టుకునే వీలుండేది. 1983లో లోటస్ 1-2-3 వచ్చింది. లెక్కలవాళ్ళు ఒక తెర మీద అంకెలూ, రెండో తెర మీద గ్రాఫూ చూసుకునేవారు. ఒకే కార్డుతో రెండు తెరలు నడపడాన్ని కెనడాలోని మాట్రాక్స్ వారు 1999లో జీ400 కార్డుతో బాగా ప్రచారంలోకి తెచ్చారు. అంటే పద్దులు రాసేవాళ్ళదీ, పేజీలు కట్టేవాళ్ళదీ ఈ ఆస్తి. మధ్యలో వచ్చినవాళ్ళు ఇల్లు ఆక్రమించుకుని, ఇంటివాళ్ళనే "ఎవరికోసం వచ్చారు మేడమ్?" అని అడుగుతున్నారు!

పెద్ద కార్డు ఎవరికి కావాలో కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. వీడియోలు కత్తిరించి అతికే పని రోజంతా చేసేవాళ్ళకి కావాలి. ఇళ్ళ నమూనాలు మూడు కొలతల్లో గీసి తిప్పి చూపించే ఆర్కిటెక్ట్ అమ్మాయిలకి కావాలి. కృత్రిమ మేధని ఇంట్లోనే నడిపి చూసే చదువులవాళ్ళకి కావాలి. వాళ్ళది వండే పని. వాళ్ళు ఏనుగునే తెచ్చుకోనీండి, మావటి ఖర్చు కూడా ముందే లెక్కేసుకోనీండి. మన వాక్యాలకీ, మన పద్దులకీ, మన ప్రూఫులకీ అది అక్కర్లేదు.

"ఇదంతా మాకేం అర్థమవుతుందండీ" అనే మాట మాత్రం నేను వినదల్చుకోలేదు. గిద్దకీ సోలకీ తేడా తెలుసు, కుట్టుమిషన్‌కి ఏ నంబరు సూది ఏ బట్టకో తెలుసు, గ్యాస్ రెగ్యులేటర్ చప్పుడు విని లీకు కనిపెట్టగలరు. రెండు రకాల కన్నాలు గుర్తుపట్టలేరా? హెచ్‌డీఎంఐకి కింది మూలలు రెండూ నొక్కుకుపోయి ఉంటాయి. డిస్‌ప్లే పోర్ట్‌కి ఒక్క మూలే కోసేసి ఉంటుంది. మినీ డిస్‌ప్లే పోర్ట్ అంటే దానికి మరదలు, చిన్నగా ఉంటుంది. అయిపోయింది చదువు.

కొట్టుకెళ్ళే ముందు ఓ చీటీ రాసుకోండి, సరుకుల చీటీలాగే. మానిటర్లు ఎన్ని? ఒక్కోదాని చుక్కలెన్ని? దాని వెనక ఏ కన్నం ఉంది? సీపీయూ పెట్టెలో ఎంత ఎత్తు కార్డు పడుతుంది? చిన్న పెట్టెలకి పొట్టి కార్డే పడుతుంది, అది తప్పకుండా కొలుచుకు వెళ్ళండి. కొట్లో కార్డు డబ్బా తిప్పి, ఒకేసారి ఎన్ని తెరలు నడుస్తాయో చదవండి. కన్నాలు నాలుగుండి, ఒక్కసారికి మూడే వెలిగే కార్డులు కూడా ఉంటాయి. ఇంటికొచ్చి బిగించాక మానిటర్ తీగలు కార్డు కన్నాల్లోనే పెట్టండి. అలవాటు కొద్దీ పాత మదర్‌బోర్డ్ కన్నంలో పెట్టి, తెర నల్లగా ఉందని కొట్టువాడికి ఫోన్ చేస్తే వాడికి నవ్వుకునే అవకాశం ఇచ్చినట్టవుతుంది. పాత డీవీడీ ప్లేయర్‌తో వచ్చిన కేబుల్ తెచ్చి 4కె మానిటర్‌కి తగిలించకండి, తెర మిణుకుమిణుకుమంటే కార్డుని తిట్టుకుంటారు.

ఇంకొక్కటి. నేను చెప్పిన చిన్న కార్డులకి మినీ కన్నాలుంటాయి, మన మానిటర్ల తీగలు వాటిలో దూరవు. కన్వర్టర్లు కొన్ని డబ్బాల్లో ఇస్తారు, కొన్నిట్లో ఇవ్వరు. డిస్‌ప్లే పోర్ట్‌లోంచి హెచ్‌డీఎంఐ మానిటర్‌కి వెళ్ళే కన్వర్టర్ సులువుగా దొరుకుతుంది, 4కె, 60 అని రాసున్నదే అడగండి. హెచ్‌డీఎంఐలోంచి డిస్‌ప్లే పోర్ట్ మానిటర్‌కి ఎదురు దిక్కున వెళ్ళాలంటే మామూలుది పనికిరాదు, బొమ్మని మార్చి పంపే రకం వేరే ఉంటుంది, దాని ఖరీదూ వేరే. అందుకని డబ్బులు కట్టేముందే కౌంటర్ మీద డబ్బా విప్పించి, కన్వర్టర్లు ఎన్నున్నాయో ఒకటీ రెండూ మూడూ అని పైకే లెక్కపెట్టండి. తక్కువైతే అక్కడే అడగండి. మళ్ళీ రావాలంటే ఆటోవాడు ఊరికే తీసుకురాడు.